ఆరు లక్షలు చేతిలో ఉన్నాయి, వైజాగ్‌లో ఏ వ్యాపారం పెట్టాలి?

గాజువాక_శ్రీను | 12 జూలై 2024, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నాకు 38 ఏళ్లు. పరవాడ వైపు ఒక ఫార్మా కంపెనీలో స్టోర్స్‌లో పని చేస్తున్నాను. అంతకుముందు ఆటోనగర్‌లో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో, అక్కడా స్టోర్సే. జీతం ఇల్లు గడవడానికి సరిపోతోంది, అంతకు మించి ఏమీ మిగలడం లేదు. ఇద్దరు పిల్లలు, పెద్దమ్మాయి ఎనిమిదో తరగతి. సొంతంగా ఏదైనా పెట్టాలని చాలాకాలంగా ఉంది. ఆరు లక్షలు దాచాను. అవసరమైతే మా ఆవిడ బంగారం మీద ఇంకో రెండు లక్షలు వస్తాయి.

నేను అనుకుంటున్నవి ఇవి. మద్దిలపాలెం లేదా ద్వారకానగర్‌లో టిఫిన్ సెంటర్. కాదంటే మా ఏరియాలోనే వాటర్ ప్లాంటు. టీ, కాఫీ ఫ్రాంచైజీ అయితే అంతా వాళ్లే సెట్ చేసి ఇస్తారంటున్నారు. పేపర్ ప్లేట్ల మిషన్ గురించి కూడా వీడియోలు చూశాను. వీటిలో ఏది సేఫ్? చేసినవాళ్లు ఉంటే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. రాత్రిళ్లు ఇదే ఆలోచన, టెన్షన్‌గా ఉంటోంది.

ద్వారకానగర్_టిఫిన్స్ | 12 జూలై, రాత్రి 10:25

శ్రీను గారూ, నాది టిఫిన్ సెంటరే కాబట్టి ముందు నేనే రాస్తాను. మంచి వ్యాపారం. సాయంత్రానికి గల్లా పెట్టెలో డబ్బు ఉంటుంది, ఎవరినీ బాకీ అడగక్కర్లేదు. చుట్టూ హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు ఉంటే పొద్దున్న పదిలోపే సగం బేరం అయిపోతుంది.

కానీ ఒకటి ఆలోచించుకోండి. మీకు గానీ, ఇంట్లో ఎవరికైనా గానీ వంద మందికి వండటం వచ్చా? రాకపోతే సెంటరు మీది కాదు, వంట మాస్టర్‌ది. పక్క వీధిలో ఎవరైనా ఇంకో రెండు వేలు ఎక్కువిస్తామంటే అతను వెళ్లిపోతాడు. మర్నాడు పొద్దున్న నాలుగింటికి పొయ్యి వెలిగించేది ఎవరు? అట్టు పోయడం, పిండి పులుపు చూడటం, చట్నీ రుచి ఒక్క రోజు కూడా మారకుండా చూసుకోవడం మీకే రావాలి. కమర్షియల్ సిలిండర్ 19 కిలోలది, ఇంటి సిలిండర్ వాడితే పట్టుకుంటారు. ఫుడ్ రిజిస్ట్రేషన్, జీవీఎంసీ (నగర కార్పొరేషన్) ట్రేడ్ లైసెన్సు ఉండాలి. వేసవిలో హాస్టళ్లు ఖాళీ అయ్యే నెలల్లో కూడా అద్దె మాత్రం తగ్గదు.

మర్రిపాలెం_సురేష్ | 12 జూలై, రాత్రి 11:10

ఫ్రాంచైజీ గురించి నేను చెప్తాను అన్నా. మా బావమరిది ఒకటి తీసుకున్నాడు, పేరు రాయను. ముందు కట్టిన ఫీజు వెనక్కి రాదు. పొడి, పాలపొడి, కప్పులు వాళ్ల దగ్గరే, వాళ్ల రేటుకే కొనాలి. బోర్డు వాళ్లది. అద్దె, కరెంటు, కుర్రాళ్ల జీతాలు మనవి. అమ్మకం మీద కూడా వాళ్లకు వాటా. కొద్ది నెలలకే దగ్గర్లో ఇంకొకరికి అదే బోర్డు ఇచ్చారు. అగ్రిమెంట్‌లో ఎంత దూరంలో మరోటి ఇవ్వకూడదో రాసి లేదు. తీసుకుంటే ఆ ఒక్క లైను ముందు చదువు. ఇప్పటికే నడుపుతున్న ముగ్గురు నలుగురితో కంపెనీవాళ్లు పక్కన లేనప్పుడు మాట్లాడు.

వాటర్ ప్లాంటుకైతే ముందు బోరు నీళ్లు టెస్ట్ చేయించాలి. సముద్రం దగ్గర ప్రాంతాల్లో ఉప్పు తగులుతుంది. ఉప్పు ఎక్కువుంటే ఆర్‌ఓలో వృథా అయ్యే నీళ్లు పెరుగుతాయి, మెంబ్రేన్ (నీళ్లు వడకట్టే పొర) తొందరగా పోతుంది. డబ్బాలు ఇళ్లకు మోసే మనిషి దొరకడం ఇంకో సమస్య. గాజువాకలో ఇప్పటికే వీధికి ఒకటి ఉన్నట్టుంది కదా.

పూర్ణామార్కెట్_రావు | 13 జూలై, ఉదయం 6:05

బాబూ శ్రీనూ, మాది మా నాన్నగారి కాలం నుంచి పూర్ణామార్కెట్‌లో హోల్‌సేల్. కొత్తగా వ్యాపారం పెట్టినవాళ్లను, మూసేసినవాళ్లను చాలామందిని చూశాను. అందుకని సూటిగా అడుగుతున్నాను, ఏమీ అనుకోకు.

నువ్వు రాసిన నాలుగింటిలో నీకు తెలిసిన పని ఒక్కటైనా ఉందా?

టిఫిన్ తెలియదు, నీళ్లు తెలియదు, టీ తెలియదు, ప్లేట్లు తెలియవు. ఇన్నేళ్లు స్టోర్స్‌లో ఉన్నావు. ఏ సరుకు ఎప్పుడు నిండుకుంటుందో, ఏ సప్లయరు చెప్పిన రోజుకు వేస్తాడో, ఎవడు నాసిరకం అంటగడతాడో నీకు తెలిసినట్టు మాకెవరికీ తెలియదు. దానికోసం నీకు కంపెనీ జీతం ఇస్తోంది. ఆ తెలివి గుమ్మం బయట వదిలేసి, తెలియని పొయ్యి దగ్గరికి ఎందుకు వెళ్తున్నావు?

ఏ వ్యాపారం మంచిదని జనం అడుగుతారు. ఆ ప్రశ్నతో ఎటూ తేలదు. నా సరుకు కొనేవాడు ఎవడు, వాడి ముఖం నాకు తెలుసా, వాడు డబ్బు ఎప్పుడిస్తాడు, ఈ మూడూ అడుక్కో. మీ స్టోర్స్‌కు తరచూ ఆలస్యంగా వచ్చేవి, రిజెక్ట్ అయ్యేవి, దొరక్క ఇబ్బంది పడేవి ఏంటో ఇక్కడ రాయి. అప్పుడు మాట్లాడదాం.

హార్బర్_నూకరాజు | 13 జూలై, ఉదయం 8:30

రావు గారి మాటే నాది కూడా. ఇంకొకటి కలుపుతాను. ఏది పెట్టినా బేరం లేని నెలలు ఏవో ముందే కాయితం మీద రాసుకో తమ్ముడూ. మాకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు చేపల వేట నిషేధం. ఐస్ అమ్మేవాళ్లు, ట్రేలు అమ్మేవాళ్లు, ఆటోవాళ్లు, హార్బర్ బయట టీ కొట్టు, అందరికీ ఆ రెండు నెలలు బేరం పడిపోతుంది. తెలిసినవాళ్లు మిగతా పది నెలల్లోనే దానికి తీసి పెట్టుకుంటారు. బీచ్ రోడ్డులో బండి పెట్టేవాళ్లకు అక్టోబరు, నవంబరు తుఫాను రోజులు అలాంటివే. హుద్‌హుద్ 2014 అక్టోబరులో వచ్చింది, గుర్తుంది కదా. ఆ తర్వాత కరెంటు లేక ఎన్ని కొట్లు మూతపడి ఉన్నాయో.

గాజువాక_శ్రీను | 13 జూలై, రాత్రి 9:15

రావు గారూ, మీరు అడిగాక రోజంతా అదే ఆలోచించాను. ఇన్నాళ్లూ దీన్ని ఉద్యోగం అనే చూశాను, ఇందులో వ్యాపారం ఉందని తట్టలేదు.

మా దగ్గర ఎప్పుడూ గొడవయ్యేవి: కాటన్ చేతి గ్లవ్స్, మిషన్లు తుడిచే గుడ్డ, క్యాంటీన్ వాళ్లకూ హౌస్‌కీపింగ్ వాళ్లకూ ఏప్రాన్‌లు, తల టోపీలు, డ్రమ్ములకు కప్పే కాన్వాస్ కవర్లు. ఇవి చిన్న ఐటమ్స్ కావడంతో పెద్ద సప్లయర్లు పట్టించుకోరు. వంద అడిగితే అరవై పంపిస్తారు, సైజులు కలిసిపోయి వస్తాయి. ఏప్రాన్ నాలుగు ఉతుకులకే ముడుచుకుపోతుంది. క్లీన్‌రూమ్‌లో వేసుకునే డ్రెస్సులు వేరు. వాటికి ప్రత్యేకమైన బట్ట, సర్టిఫికెట్లు కావాలి, అటు నేను వెళ్లను.

మా ఆవిడ ఇంట్లో బ్లౌజులు కుడుతుంది. ఆమె స్నేహితురాలు అచ్యుతాపురం బ్రాండిక్స్ బట్టల ఫ్యాక్టరీలో కుట్టు లైన్‌లో పని చేసి, బాబు పుట్టాక మానేసింది. ఇద్దరికీ చెప్పాను. మా ఆవిడ అయితే టిఫిన్ సెంటర్ మాట ఎత్తినప్పుడు ఏమీ అనలేదు గానీ, ఇది చెప్పగానే ఎన్ని మిషన్లు కావాలని అడిగింది. షెడ్డు అద్దెలు కూడా చూద్దామా అనుకుంటున్నాం.

పూర్ణామార్కెట్_రావు | 13 జూలై, రాత్రి 9:50

షెడ్డు అప్పుడే వద్దు బాబూ. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు అవుతుంది. ముందు ఆర్డరు చేతికి రానీ.

ఎంవీపీ_లక్ష్మి | 14 జూలై, మధ్యాహ్నం 2:20

శ్రీను గారూ, నేను ఎంవీపీ కాలనీలో చిన్న కుట్టు యూనిట్ నడుపుతున్నాను, అందుకే ఇది చూసి ఆగలేకపోయాను. మీ ఆవిడ గారికి కూడా చదివి వినిపించండి.

2022 జూలై 1న దేశమంతా ఒకసారి వాడి పారేసే కొన్ని ప్లాస్టిక్ వస్తువులు నిషేధించినప్పుడు మేము గుడ్డ సంచులు మొదలుపెట్టాం. మొదట్లో ఆర్డర్లు బాగా వచ్చాయి. అది చూసి అందరూ అవే మొదలుపెట్టారు. బయటి నుంచి చవక సంచులు లారీల్లో దిగాయి, రేటు పడిపోయింది. పేపర్ ప్లేట్ల వాళ్లదీ అదే కథ. మిషన్ కొంటే ఎవరైనా చేయగలిగే వస్తువులో ఎక్కువ మిగిలేది మిషన్ అమ్మినవాడికే. మమ్మల్ని నిలబెట్టింది ఒక స్కూలు, రెండు ఆస్పత్రులు. వాళ్లకు కావాల్సిన కొలతలు, జేబు ఎక్కడుండాలి, ఎన్ని ఉతుకులు ఆగాలి అన్నది మాకు తెలుసు, అందుకే రేటు కాస్త ఎక్కువైనా మా దగ్గరికే వస్తారు. మీకు ఆ వివరాలన్నీ ఇప్పటికే తెలుసు. అది ఊరికే దొరికేది కాదు.

ఇక పని గురించి. బ్లౌజు కుట్టడం, ఐదు వందల ఏప్రాన్‌లు కుట్టడం రెండూ ఒకటి కాదు. బ్లౌజు ఒక్కరి కొలత. ఇక్కడ బట్ట పొరలు పొరలుగా పరిచి ఒకేసారి కోయాలి. కటింగ్‌లో అర అంగుళం తేడా వస్తే మొత్తం లాటు పోతుంది. కాబట్టి ముందు చూసుకోవాల్సింది మిషన్లు కాదు, కటింగ్ తెలిసిన మనిషిని. మీరు చెప్పిన అచ్యుతాపురం అమ్మాయికి లైన్ పద్ధతి తెలుసు, ఆమెను వదలకండి. జీతం మాత్రమే ఇస్తారా, వాటా కూడా ఇస్తారా అనేది ముందే మాట్లాడుకోండి, తర్వాత మనసులు నొచ్చుకోకుండా.

బట్ట కొన్నాక ఒక మీటరు కొలిచి, ఉతికి, ఆరబెట్టి, మళ్లీ కొలవండి. ఎంత ముడుచుకుందో చూసి, కటింగ్‌లో అంత వదలాలి. మీ సప్లయర్ల ఏప్రాన్‌లు పొట్టి అయిపోవడానికి కారణం ఇదే.

రేటు కట్టేటప్పుడు బట్ట, దారం, కూలి మాత్రమే లెక్కేస్తారు చాలామంది. కటింగ్‌లో పోయే ముక్కలు, రిజెక్ట్ అయి తిరిగొచ్చేవి, ఆటో చార్జీ, ప్యాకింగ్, కరెంటు, మీ ఆవిడ గారి కూలి, అన్నీ వేయాలి. ఇంటి మనిషి కూలి వేయకపోతే లాభం వచ్చినట్టే కనిపిస్తుంది గానీ అది లాభం కాదు, ఆమె కష్టం. ఇది నేను గట్టిగా చెప్తున్నాను.

ఇంటి మీటరు మీద నాలుగు మిషన్లు నడిపేయకండి. ఈపీడీసీఎల్ (కరెంటు) ఆఫీసుకు వెళ్లి ఏ కేటగిరీ కిందికి వస్తుందో కనుక్కోండి.

ద్వారకానగర్_టిఫిన్స్ | 14 జూలై, సాయంత్రం 6:45

అందరూ కంపెనీ సప్లై అంటున్నారు గానీ, డబ్బు సంగతి ఎవరూ మాట్లాడరేం? మా తమ్ముడు ఆటోనగర్‌లో బోల్టులు సప్లై చేసేవాడు. బిల్లు పాసవ్వాలంటే అరవై రోజులు, తొంభై రోజులు. ఒకసారి అకౌంట్స్‌లో మనిషి మారాడని ఇంకో నెల. వడ్డీకి తెచ్చి జీతాలిచ్చాడు. శ్రీను గారూ, ఆరు లక్షలున్న మనిషికి అప్పు బేరం చాలా కష్టం. నా కొట్టులో ఇడ్లీ తిన్నవాడు చెయ్యి కడుక్కునేలోపు డబ్బిస్తాడు. అది చిన్న విషయం కాదు.

లెక్కల_మాస్టారు | 14 జూలై, రాత్రి 10:00

పై మిత్రుడు చెప్పిన పాయింటు ఈ చర్చ మొత్తంలో ముఖ్యమైనది. నేను దొండపర్తిలో ట్యాక్స్ ప్రాక్టీస్ చేస్తాను. ఒక్కొక్కటే చెప్తాను.

నెలకు లక్షన్నర సరుకు వేశారనుకుందాం. 60 రోజుల క్రెడిట్ అంటే ఎప్పుడు చూసినా మూడు లక్షలు కంపెనీ దగ్గరే ఉంటాయి. బట్టకు రొక్కం, కూలి వారంవారం. బిల్లు ఇంకో నెల ఆలస్యమైతే నాలుగున్నర లక్షలు. అంటే మీ ఆరు లక్షల్లో మిషన్లకు పెట్టగలిగేది లక్షన్నరకు మించదు. ఆర్డరు పెరిగితే సంతోషిస్తారు గానీ, నెలకు పెరిగిన ప్రతి లక్షకు రెండు లక్షలు బయట ఇరుక్కుంటాయి. లాభంలో ఉన్న యూనిట్లు కూడా ఇక్కడే మూతపడతాయి. కాబట్టి మొదటి ఏడాది ఎంత ఆర్డరు తీసుకోకూడదో కూడా రాసి పెట్టుకోండి.

ఇక చట్టం వైపు. ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు కట్టాలి. 2024–25 అసెస్‌మెంట్ ఏడాది నుంచి ఆదాయపు పన్ను చట్టంలో 43బి(హెచ్) అనే సెక్షన్ అమల్లోకి వచ్చింది. ఆ గడువులోపు కట్టకపోతే కొన్న కంపెనీ ఆ ఖర్చును నిజంగా కట్టిన సంవత్సరంలోనే చూపించుకోగలదు. దాంతో మార్చి దగ్గరపడేసరికి అకౌంట్స్ వాళ్లే ఉద్యమ్ సర్టిఫికెట్ (చిన్న సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే నమోదు పత్రం) ఉందా అని ఫోన్ చేస్తున్నారు.

అయితే ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. సరుకు కొని తెచ్చి అమ్మే ట్రేడర్లకు ఈ రక్షణ వర్తించదు. 2021 జూలైలో ట్రేడర్లను ఉద్యమ్‌లోకి మళ్లీ తీసుకున్నది బ్యాంకు రుణాల ప్రాధాన్యం వరకే. మీరు గ్లవ్స్ ఎక్కడి నుంచో తెప్పించి సప్లై చేస్తే మీరు ట్రేడర్. ఏప్రాన్ మీరే కుడితే తయారీదారు. మీ విషయంలో కుట్టడమే మేలని నేను అనడానికి సగం కారణం ఇది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం, ఎవరికీ రూపాయి ఇవ్వకండి.

జీఎస్టీ: రాష్ట్రంలోపలే సరుకు అమ్మితే ఏడాదికి 40 లక్షలు దాటేదాకా తప్పనిసరి కాదు. కానీ కంపెనీలకు ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్న సరుకు మీద కట్టిన జీఎస్టీని తమ పన్నులో తగ్గించుకోవడం) కావాలి, అది లేని బిల్లు తీసుకోరు. చిన్న వ్యాపారులకుండే కాంపోజిషన్ పద్ధతిలో ఉన్నా ఆ క్రెడిట్ వెళ్లదు. మామూలు రిజిస్ట్రేషనే తీసుకోండి.

గాజువాక_శ్రీను | 14 జూలై, రాత్రి 10:40

మాస్టారూ, ఇది ఎవరూ ఇంత విడమరిచి చెప్పలేదు. సబ్సిడీ లోన్ గురించి కూడా చెప్తారా? బంగారం పెట్టేకంటే అదే మేలా?

లెక్కల_మాస్టారు | 15 జూలై, ఉదయం 7:30

పీఎంఈజీపీ అని కేంద్ర ప్రభుత్వ సబ్సిడీ లోన్ పథకం ఉంది, చూడండి. తయారీ యూనిట్‌కు 50 లక్షల దాకా ప్రాజెక్టు పెట్టొచ్చు. జీవీఎంసీ పరిధి పట్టణం కిందే వస్తుంది. జనరల్ కేటగిరీ మగవారికి పట్టణంలో 15 శాతం సబ్సిడీ, సొంత వాటా 10 శాతం. మహిళలకు 25 శాతం సబ్సిడీ, సొంత వాటా 5 శాతం. మీ ఆవిడ గారి పేరు మీద 8 లక్షల ప్రాజెక్టు అనుకుంటే, ఆమె వాటా 40 వేలు, సబ్సిడీ 2 లక్షలు, మిగతా 5 లక్షల 60 వేలు తీర్చాల్సిన అప్పు. ఆ రెండు లక్షలు చేతికి ఇవ్వరు. మూడేళ్లు బ్యాంకులోనే ఉంచి, యూనిట్ నడుస్తోందని తేలాక లోన్‌లో సర్దుతారు. కుటుంబానికి ఒక్కరికే. ఆన్‌లైన్‌లో దరఖాస్తు, జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడిగితే సాయం చేస్తారు.

జాగ్రత్త ఒకటి. ఇది కొత్త యూనిట్లకే. ముందు సొంత డబ్బుతో యూనిట్ మొదలుపెట్టి, నడిచాక వెళ్తే దొరకదు. శాంపిళ్లు కుట్టి చూపించి ఆర్డరు మాట్లాడుకోవడం వరకు చేసి, మిషన్లు కొనకముందే దరఖాస్తు వేసుకోండి.

పేరు ఆమెది అంటే యూనిట్ కూడా నిజంగా ఆమెదే అయి ఉండాలి. బ్యాంకు ఆమెను అడుగుతుంది, సంతకాలు ఆమెవి, బాధ్యత ఆమెది.

ఎంవీపీ_లక్ష్మి | 15 జూలై, ఉదయం 9:05

మాస్టారి ఆఖరి వాక్యానికి దండం. బంగారం మాత్రం ఇప్పుడు ముట్టుకోకండి శ్రీను గారూ. ఆస్పత్రి ఖర్చో, పిల్ల ఫీజో వచ్చిపడితే ఇంటికి ఉన్న ఆధారం అదే. ఇంటి ఖర్చు ఆరు నెలలది విడిగా తీసి, మిగిలిందే వ్యాపారానికి అనుకోండి.

ఉక్కునగరం_రిటైర్డ్ | 15 జూలై, మధ్యాహ్నం 12:15

నేను పర్చేజ్ విభాగంలో పని చేసి రిటైరయ్యాను. ఎవరూ అడగని విషయం ఒకటి అడుగుతాను. శ్రీను, నువ్వు ఇప్పుడు పని చేస్తున్న కంపెనీకే, ఆ ఉద్యోగంలో ఉంటూనే, భార్య పేరు మీద సరుకు వేద్దామనుకుంటున్నావా? అలా చేయకు. సరుకు దిగేటప్పుడు సంతకం పెట్టేది నువ్వే అయితే, ఎంత నిజాయితీగా ఉన్నా రేపు ఎవరో ఒకరు వేలు చూపిస్తారు. ఉద్యోగమూ పోతుంది, ఫార్మాసిటీ అంతా పేరూ చెడుతుంది. మొదటి ఆర్డర్లు వేరే కంపెనీల నుంచి తెచ్చుకో. నువ్వు బయటికొచ్చాక, అన్నీ చెప్పి, మీ కంపెనీకి కొటేషన్ ఇవ్వు.

ఇంకో దారి కూడా ఉంది. కేంద్ర ప్రభుత్వ సంస్థలు ఏడాది కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి తీసుకోవాలని విధానం ఉంది. ఆ 25లో 3 శాతం మహిళల యూనిట్లకు. టెండర్లలో ధరావతు మినహాయింపు కూడా ఉంటుంది. ఇదీ ట్రేడర్లకు వర్తించదు. మన ఊళ్లో స్టీల్ ప్లాంటు, షిప్‌యార్డు, హెచ్‌పీసీఎల్ రిఫైనరీ, పోర్టు ఉన్నాయి. చాలా కొనుగోళ్లు జెమ్ అనే ప్రభుత్వ కొనుగోళ్ల పోర్టల్ ద్వారా జరుగుతాయి. మొదటి ఏడాదే పెద్ద టెండరు మీద కన్నేయొద్దు. సమయానికి వేయలేకపోతే జరిమానా పడుతుంది. కానీ ఉద్యమ్, జీఎస్టీ వచ్చిన వెంటనే మీ ఆవిడను పోర్టల్‌లో నమోదై, ఏ సంస్థ ఏ కొలతలు అడుగుతోందో చదువుతూ ఉండమను. చదివితేనే సగం పని వస్తుంది.

మర్రిపాలెం_సురేష్ | 15 జూలై, మధ్యాహ్నం 1:30

మొత్తం క్రెడిట్ మీద ఆధారపడకుండా, రోజూ డబ్బు తెచ్చేది కూడా పక్కన ఒకటి ఉండాలి కదా? కర్రీ పాయింట్లు, హోటళ్లు, బేకరీలకు కూడా ఏప్రాన్‌లు, టోపీలు కావాలి. వాళ్లు సరుకు చేతికి రాగానే ఇస్తారు. టిఫిన్స్ అన్నా, మీరేం అంటారు?

ద్వారకానగర్_టిఫిన్స్ | 15 జూలై, సాయంత్రం 5:50

కావాలి. మా కుర్రాళ్లవి చిరిగిపోయి ఉన్నాయి, రంగు వెలిసిపోతోంది. పన్నెండు పీసులు ముదురు రంగులో, ముందు పెద్ద జేబుతో కుట్టించి తీసుకురండి శ్రీను గారూ. బాగుంటే మా లైన్‌లో ఉన్న మిగతావాళ్లకు నేనే చెప్తాను. క్రెడిట్ గురించి మాత్రం నా మాట మారలేదు. ఎంత చట్టం ఉన్నా పెద్ద కంపెనీ మీద చిన్నవాడు కేసు పెట్టి మళ్లీ ఆర్డరు అడగలేడు. మీ బేరంలో కనీసం మూడో వంతు చేతి డబ్బుది ఉండేలా చూసుకోండి.

గాజువాక_శ్రీను | 16 జూలై, రాత్రి 9:30

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. రాత్రి మేమిద్దరం, మా ఆవిడ స్నేహితురాలు, ఆమె భర్త కూర్చుని మాట్లాడుకున్నాం.

ఉద్యోగం ఇప్పుడే మానను. మా కంపెనీకి సరుకు వేయం, రిటైర్డ్ సార్ చెప్పింది సబబు. యూనిట్ మా ఆవిడదే, పేరుకు కాదు. ఆమె స్నేహితురాలికి జీతంతో పాటు వాటా. ఆ కాయితం మాస్టారు గారి ఆఫీసుకు వచ్చి రాయించుకుంటాం. ఆటోనగర్‌లో నాకు తెలిసిన షెడ్ల నుంచి తుడుపు గుడ్డ, కాన్వాస్ కవర్లకు కొటేషన్లు అడిగాను. ఇద్దరు శాంపిల్ చూపించమన్నారు. టిఫిన్స్ అన్న ఏప్రాన్‌లు శాంపిళ్లతో పాటే కుడతాం. దరఖాస్తు వేశాకే మిషన్లు. బంగారం బీరువాలోనే ఉంటుంది.

ఒక్క సందేహం ఉంది లక్ష్మి గారూ. పొరలు కోసే కరెంటు కటింగ్ మిషన్ మొదట్లోనే కొనాలా, చేతి కత్తెరతో నడుస్తుందా? మా ఆవిడ అడగమంది.

ఎంవీపీ_లక్ష్మి | 16 జూలై, రాత్రి 10:10

పన్నెండు పీసులకు కత్తెర చాలు. యాభై దాటే ఆర్డరు వస్తే కటింగ్ వరకు మా యూనిట్‌కు తెచ్చుకోండి, కూలి తీసుకుని కోసి ఇస్తాం. అలా రెండు మూడు ఆర్డర్లు చూశాక ఏ సైజు మిషన్ కావాలో మీకే తెలుస్తుంది. మీ ఆవిడ గారిని ఇక్కడ సొంతంగా ఖాతా తెరవమనండి. కటింగ్, బట్టల కొట్లు, రేట్ల సంగతి నేను ఆమెతోనే నేరుగా మాట్లాడతాను.